విద్య చేతులు మారిన కథ: ధవళేశ్వరం నుంచి మన వంటింటి దాకా



ఈవేళ మీకు చెప్పబోయేది చరిత్రే గాని రాజుల చరిత్ర కాదు. ఇందులో యుద్ధాలు లేవు, పట్టాభిషేకాలు లేవు. ఒక ఆనకట్ట, ఒక మట్టి పొయ్యి, ఒక గోబర్ గ్యాసు తొట్టి, ఒక ఫ్రిజ్, ఈ నాలుగింటి చరిత్ర ఇది. వీటికి ఒకదానితో ఒకదానికి పొత్తేమిటంటారా? అదే చెబుదామని.

పేపరు తీస్తే చాలు, భూమి వేడెక్కుతోందనీ, దాన్ని గురించి దేశదేశాల ప్రతినిధులు సమావేశమయ్యారనీ వార్త కనిపిస్తుంది. ఆ వార్తల్లో తరచు ఒక మాట వస్తూంటుంది: "వర్ధమాన దేశాలకు సాంకేతిక విజ్ఞాన బదిలీ". నోరు తిరగని మాట. మనం పేజీ తిప్పేసి వారఫలాలకు వెళ్ళిపోతాం. కాని విడమరిచి చూస్తే అందులో ఉన్నది మనకు బాగా తెలిసిన సంగతే. బొగ్గూ, నూనే ఎక్కువ తగలెయ్యకుండా, గాలిని పాడుచెయ్యకుండా పని జరిగే పద్ధతులు కొన్ని ఉన్నాయి. అవి ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియవు. తెలిసినవారు తెలియనివారికి నేర్పాలా? నేర్పితే ఊరికే నేర్పాలా, డబ్బు పుచ్చుకుని నేర్పాలా? ఇదీ తగువు.

పక్కింటి వదినగారు మనకు ఒక జాడీడు ఆవకాయ పంపిందనుకోండి, ఏడాది తింటాం. జాడీ ఖాళీ అయ్యాక మళ్ళీ ఆవిడ గుమ్మం ఎక్కాలి. అలా కాకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని కాయ పులుపును బట్టి ఉప్పు ఎంత, కారం ఎంత, ఆవపిండి ఎంత అని చేత్తో కలిపించి నేర్పిందనుకోండి, అది జన్మకంతటికీ ఉంటుంది. మన కోడలికీ వస్తుంది. వస్తువు ఇవ్వడం వేరు, విద్య ఇవ్వడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్ల ఎంత డబ్బు, ఎంత శ్రమ వృథా అయిందో, తెలిసినచోట ఎంత మేలు జరిగిందో ఈ నాలుగు కథలూ చెబుతాయి.

మొదటిది మన ఊరి పక్కదే. రాజమహేంద్రవరం నుంచి ఒక్క అడుగు వేస్తే ధవళేశ్వరం. కార్తీకమాసంలో వెళ్ళి దీపాలు వదిలేవాళ్ళం, చుట్టాలు వస్తే తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. అయితే ఆ ఆనకట్ట ఎవరి విద్య? కాటన్ దొరది అంటాం. నిజమే గాని అది సగం నిజం.

1830, 40 సంవత్సరాల మధ్య గోదావరి సీమ ఎలా ఉండేదో ఇప్పుడు ఊహించడం కూడా కష్టం. నది నిండుగా పారుతూనే ఉంది, పక్కనే పొలాలు ఎండుతూ ఉన్నాయి. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. 1821లో 7 లక్షలకు పైగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు అయిదున్నర లక్షలకు పడిపోయింది. చచ్చినవాళ్ళు చావగా, బతికినవాళ్ళు వలసపోయారు. అలాంటి సమయంలో వచ్చాడు ఆర్థర్ కాటన్.

ఆయన ముందు పనిచేసింది కావేరి మీద. అక్కడ తంజావూరు సీమలో కల్లణై అని ఒక పాత కట్ట ఉంది. కరికాల చోళుడు కట్టించినదని ప్రతీతి. కల్ అంటే రాయి, అణై అంటే కట్ట. ఇంజినీర్లకు ఎప్పుడూ ఒక చిక్కు ఉండేది: నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే, గట్టినేల తగలదు. మరి పునాది దేని మీద వెయ్యాలి? పూర్వం ఆ కావేరి తీరంవాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. పెద్దపెద్ద బండలు తెచ్చి ఇసుకలో వేశారు. అవి దిగిపోయాయి. వాటి మీద మళ్ళీ వేశారు. ఇంక దిగవు అన్న దాకా అలా వేస్తూ పోయి, ఆ మీద కట్ట కట్టారు. వందల ఏళ్ళ వరదలకు అది నిలిచింది. కాటన్ దాన్ని చూసి నేర్చుకున్నాడు. 1836లో కావేరి చీలిక కొల్లిడం మీద ఆనకట్ట కట్టి ఆ విద్యను పరీక్షించాడు. ఆ తరవాతే గోదావరి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే ఉపాయం ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని తరవాతి రోజుల్లో ఆయనే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అసలు ఇంగ్లీషువాళ్ళ నిఘంటువులో ఉన్న "ఆనికట్" అన్న మాట కూడా మన దక్షిణాది మాటే. విద్యతోపాటు పేరు కూడా తీసుకెళ్ళారన్నమాట.

1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్యమధ్య లంకలతో, అంత పొడుగు కట్ట కట్టారు. రాయి ధవళేశ్వరం కొండది. చెయ్యి వేలాదిమంది కూలీలది. కాటన్ పక్కన నిలబడి పని నడిపించిన మన ఇంజినీరు వీణెం వీరన్న పేరు ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. కావేరిలో చేసినట్టే ఇక్కడ చేస్తే కుదరదు. గోదావరి వెడల్పు వేరు, వరద ఉధృతం వేరు. అంచేత ఇసుకలో నూతులు దింపి, వాటి మీద సున్నంతో రాతికట్టు కట్టి, దిగువన బండలు పరిచారు. అంటే నేర్చుకున్న కొలతను ఈ నదికి తగినట్టు మార్చుకున్నారు. ఇది చాలా ముఖ్యమైన సంగతి. దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఆ కట్ట చేసిన పని ఏమిటి? నీటిమట్టం కాస్త పైకెత్తింది. మిగతాదంతా పల్లం చూసుకుంది. నీరు పల్లమెరుగు అంటాం గదా, కాలవల్లోంచి, బోదెల్లోంచి లక్షల ఎకరాలకు దానంతటదే నడిచింది. ఒక్క బొగ్గు ముక్క కాల్చలేదు, ఒక్క చుక్క నూనె పొయ్యలేదు. అవే కాలవల మీద ధాన్యం పడవలు తెరచాపతోనూ, గట్టు మీద మనుషులు తాడు లాగగానూ నడిచేవి. ఈనాడు "పర్యావరణానికి హాని చెయ్యని పద్ధతి" అని పెద్దపెద్ద సభల్లో దేన్ని గురించి మాట్లాడుతున్నారో, అది మన డెల్టా 1852 నుంచీ అన్నం పెట్టించుకుంటున్న పద్ధతే. పాత ఆనకట్ట వయసు మీరాక 1970లో మొదలుపెట్టి 1982కి కొత్త బ్యారేజీ కట్టింది కూడా మన ఇంజినీర్లే.

అయితే చూశారా, ఈ కథలో విద్య ఇచ్చినవారు కావేరి ఒడ్డున పేరు తెలియని మేస్త్రీలు. వారికి ఎవరూ రాయల్టీ కట్టలేదు, ఎవరూ పేటెంటు ఫీజు ఇవ్వలేదు. పుచ్చుకున్నది మాత్రం అప్పటి లోకంలోకెల్లా ధనిక ప్రభుత్వం. ఈ సంగతిని మనసులో ఒక మూల ఉంచుకోండి. ఫ్రిజ్ దగ్గరకు వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

రెండో కథ మనదీ, మన అమ్మలదీ. పొయ్యి.

ఇప్పుడు మీటరు దూరంలో నిలబడి లైటరు నొక్కితే మంట వస్తోంది గాని, మన అమ్మమ్మలు వంట చేసింది కళ్ళనీళ్ళతో. పచ్చి కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, వర్షాకాలం వస్తే ఊదుగొట్టంతో ఊది ఊది దగ్గు. వంటిల్లంటే మసి గోడలు, పొగ. అది ఆడదాని నుదుటి రాత అనుకునేవారే గాని, ఒక జబ్బుకు కారణమని ఎవరూ అనుకోలేదు.

అలా అనుకోని మనిషి ఒకాయన హైదరాబాదులో ఉండేవాడు. ఎస్.పి. రాజు గారు. హైదరాబాదు ఇంజినీరింగ్ రిసెర్చి లేబరేటరీకి డైరెక్టరు. డ్యాములూ, రోడ్లూ పరిశోధించే చోట కూర్చుని ఆయన పొయ్యిని గురించి ఆలోచించాడు. 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. కోట్లాదిమందికి పొగలేని వంటిళ్ళు అని దాని పేరుకు అర్థం. ఆయన పొయ్యి మట్టిదే. ఒకచోట మంట పెడితే, ఆ వేడిగాలి లోపలి దారిలోంచి రెండో గిన్నె కిందికీ, మూడో గిన్నె కిందికీ వెళ్ళి, చివరికి పొగగొట్టం గుండా ఇంటి బయటికి పోతుంది. ఒక మంట మీద అన్నం, పప్పు, వేణ్ణీళ్ళు. పొగ మాత్రం ఇంట్లో ఉండదు. ప్రపంచంలో మెరుగైన పొయ్యిల చరిత్ర ఎవరు రాసినా, మొదటివాటిలో ఒకటిగా ఈ హైదరాబాదు పొయ్యిని చెబుతారు. తెలుగుదేశంలో పుట్టిన విద్య అది.

మరి అంత మంచి పొయ్యి ఇంటింటా ఎందుకు లేదు? దానికి జవాబు ముప్పై ఏళ్ళ తరవాత దొరికింది. 1983 చివర కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం మొదలుపెట్టింది. 2002 దాకా నడిచింది. దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. లెక్క చూస్తే గొప్ప విజయం. ఇళ్ళలోకి వెళ్ళి చూస్తే చాలాచోట్ల పొయ్యి మూల పడివుంది, ఇల్లాలు పాత పొయ్యి మీదే వండుతోంది. ఎందుకంటారా? పొయ్యి కన్ను ఒక సైజు, ఇంట్లో గిన్నె ఇంకో సైజు. కట్టెలు చిన్నచిన్నగా చీల్చాలి, అది చీల్చేదెవరు? పొగగొట్టంలో మసి పేరుకుంటే తియ్యడం ఎవరూ చెప్పలేదు. తాటాకు కప్పులోంచి గొట్టం తీస్తే వాన కారుతుంది, నిప్పురవ్వ పడుతుందేమోనని భయం. మట్టి బీటలిస్తే పూడ్చేది ఎలాగో తెలియదు. కట్టినవాడు లెక్క రాసుకుని పక్క ఊరికి వెళ్ళిపోయాడు. ఎన్ని కట్టామన్నదే లెక్క గాని, ఎన్ని వెలుగుతున్నాయన్నది చాలాచోట్ల లెక్కలోకి రాలేదు.

అదే కాలంలో చైనాలోనూ పొయ్యిల పథకం నడిచింది. 1980ల మొదట్లో మొదలుపెట్టి పదేళ్ళలో 12 కోట్లకు పైగా ఇళ్ళలో పెట్టారు. అక్కడ పొయ్యి ఖర్చులో ఎక్కువ భాగం ఇంటివాళ్ళే పెట్టుకున్నారు. ప్రభుత్వం డబ్బు ఎక్కువగా ఊళ్ళలో పొయ్యిలు కట్టేవాళ్ళకు పని నేర్పడానికీ, చిన్న కార్ఖానాలు నిలబెట్టడానికీ, చూసి తనిఖీ చెయ్యడానికీ వెళ్ళింది. ఒకచోట పొయ్యి పంచారు, ఇంకోచోట పొయ్యి కట్టే చెయ్యిని తయారుచేశారు. మన దేశంలో లోపించింది మేధస్సు కాదు, రాజు గారు ఇక్కడే ఉన్నాడు గదా. లోపించింది ఆ విద్య వండే మనిషి దాకా రావడం. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. "అమ్మా, నీ గిన్నె ఎంత?" అని.

ఇదేదో పాతకథ అనుకోకండి. కట్టెల పొగ వల్ల, బొగ్గు పొగ వల్ల ప్రపంచంలో ఏడాదికి సుమారు 30 లక్షల ప్రాణాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. అందులో ఎక్కువగా నష్టపోయేది ఆడవాళ్ళూ, పసిపిల్లలూ. ఆ మసి రేణువులే ఆకాశంలోకి వెళ్ళి ఎండవేడిని పట్టి ఉంచుతాయి. అంటే వంటింటి పొగ మన ఊపిరితిత్తులకూ, లోకానికీ ఒక్కసారే చేటు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, మహిళా సంఘాలవారికి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటికీ ఉజ్జ్వల వచ్చింది. చాలామంది అక్కచెల్లెళ్ళు పొగ నుంచి బయటపడ్డారు. అయినా సిలిండరు ఒకసారి ఇచ్చాక రెండోది కొనుక్కోలేక మళ్ళీ కట్టెలకు వెళ్ళినవారూ ఉన్నారు. మళ్ళీ అదే సంగతి: వస్తువు వచ్చినంత తేలిగ్గా దాన్ని నడుపుకునే వీలు రాదు.

మూడో కథ చిన్నది. గోబర్ గ్యాసు. పేడనీళ్ళు తొట్టిలో పోసి గాలి తగలకుండా మూస్తే మండే వాయువు పుడుతుందని మన దేశంలో ఎప్పటినుంచో తెలుసు. ఖాదీ కమిషను వారి ప్లాంటులో తొట్టి మీద పెద్ద ఇనుప డ్రమ్ము తేలుతూ ఉండేది. డ్రమ్ము ఖరీదెక్కువ, పైగా తుప్పు పడుతుంది. చైనావాళ్ళు డ్రమ్ము లేకుండా, భూమిలోనే గుమ్మటంలా కట్టేవారు. అది తెలుసుకుని 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ పరిశోధన కేంద్రంవారు ఇక్కడి ఇటుకకు, ఇక్కడి మేస్త్రీకి తగినట్టు మార్చి జనతా ప్లాంటు అని పెట్టారు. 1984లో దాన్ని ఇంకా చవకగా మార్చి దీనబంధు అన్నారు. చైనా ఏమంత ధనిక దేశం కాదు అప్పుడు, మనమూ కాదు. ఒక పేద ఇంటి కిటుకు ఇంకో పేద ఇంటికి వచ్చింది. విద్య ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుందని అనుకోనక్కరలేదు. ఒక వీధిలో ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నట్టు కూడా రావచ్చు. కాకపోతే ఆ గుమ్మటం కట్టడానికి చెయ్యి తిరిగిన మేస్త్రీ కావాలి. సన్నని పగులు ఉన్నా గ్యాసు నిలవదు. మేస్త్రీకి నేర్పినచోట అది వెలిగింది, నేర్పనిచోట ఆరిపోయింది.

ఇక నాలుగోది, మన వంటింట్లో మూలనున్న ఫ్రిజ్. దీని కథే అసలైన తగువు.

ఫ్రిజ్ గొట్టాల్లో ఒక వాయువు తిరుగుతూంటుంది. అది లోపలి వేడిని పట్టుకుని బయటికి తెచ్చి వెనకవైపు వదిలిపెడుతుంది. అందుకే వెనక చెయ్యిపెడితే వెచ్చగా ఉంటుంది. 1928లో అమెరికాలో ఈ పనికి సి.ఎఫ్.సి. అనే రకం వాయువులు కనిపెట్టారు. మండవు, వాసన రావు, విషం కావు. లోకమంతా వాటినే వాడింది. 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇవి ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తాయని చెప్పారు. ఆ పొర మనకు గొడుగులాంటిది, ఎండలోని చెడ్డ కిరణాలను ఆపుతుంది. 1985లో దక్షిణధ్రువం మీద ఆ గొడుగు బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఓజోను సంగతి అలా ఉంచి, ఈ వాయువులు భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వేల రెట్లు ఘనమైనవి. 1987 సెప్టెంబరు 16న కెనడాలో మాంట్రియల్ నగరంలో ఒప్పందం రాసుకున్నారు, వీటిని క్రమంగా మానెయ్యాలని.

మన దేశం వెంటనే సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి చెప్పండి? యాభై ఏళ్ళు వాళ్ళు చల్లగా తాగారు. మన మధ్యతరగతి ఇళ్ళకు అప్పుడప్పుడే ఫ్రిజ్‌లు వస్తున్నాయి. గొడుగుకు చిల్లి పెట్టింది వాళ్ళు, ఇప్పుడు ఖరీదైన కొత్త వాయువు కొనుక్కోమనేది మనల్నా? 1990లో లండన్ సమావేశంలో మన పర్యావరణ మంత్రి మేనకాగాంధీ ఈ వాదనే గట్టిగా వినిపించారు. చైనాదీ ఇంచుమించు అదే పట్టు. చివరికి ధనిక దేశాలు డబ్బు వేసి ఒక నిధి పెట్టడానికి ఒప్పుకున్నాయి. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారడానికయ్యే అదనపు ఖర్చు అందులోంచి ఇస్తారు. దాని మీద మన దేశం 1992లో ఒప్పందంలో చేరింది. మాట నిలబెట్టుకుని, గడువుకు ముందే 2008లో సి.ఎఫ్.సి. తయారీ ఆపేసింది.

డబ్బుకు నిధి దొరికింది. విద్య సంగతో? కొత్త వాయువు పేరు హెచ్.ఎఫ్.సి. 134ఎ. దాని తయారీ కిటుకు కొద్ది విదేశీ కంపెనీల చేతుల్లో ఉంది. మనవాళ్ళు అడిగితే రెండున్నర కోట్ల డాలర్లు చెప్పారని ఆ చరిత్ర రాసినవారు నమోదు చేశారు. లేదంటే కంపెనీలో పెద్ద వాటా మాకివ్వండి, ఎగుమతి చెయ్యబోమని రాసివ్వండి అన్నారట. కావేరి మేస్త్రీలను ఇక్కడ ఒక్కసారి గుర్తుచేసుకోండి. వారు తమ కిటుకుకు అలా ధర చెప్పివుంటే గోదావరి ఏమయ్యేదో!

మనవాళ్ళు బేరం మాని సొంతంగా పనిలోకి దిగారు. హైదరాబాదు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ, ఐ.ఐ.సి.టి., శాస్త్రవేత్తలు ఆ వాయువు తయారుచేసే పద్ధతిని సాధించే పని చేపట్టారు. ఆ తరవాత ఒక భారతీయ కంపెనీ సొంత పద్ధతితోనే రాజస్థాన్‌లో భివాడిలో దాన్ని తయారుచేసింది. ఇవ్వనన్నది చివరికి మన చేతికి వచ్చింది. కాని ఎంతకాలం పట్టింది, ఎంత శ్రమ పట్టింది!

ఇంకో చిత్రం వినండి. అదే సమయంలో, 1992, 93 ప్రాంతంలో, జర్మనీలో కొందరు వేరే దారి చూపించారు. గ్రీన్‌పీస్ అనే సంస్థా, తూర్పు జర్మనీలో మూతపడబోతున్న ఒక ఫ్రిజ్‌ల కార్ఖానా కలిసి, మన వంటగ్యాసుకు దగ్గరి చుట్టాలైన మామూలు వాయువులతో ఫ్రిజ్ చేశారు. ఓజోనుకు హాని లేదు, భూమిని వేడెక్కించడం నామమాత్రం. పేటెంటు పెట్టకుండా, కావలసినవారు తీసుకోండి అని వదిలేశారు. మన దేశంలో గోద్రెజ్ వారు స్విట్జర్లాండు, జర్మనీ సంస్థల సహాయంతోనూ, ఢిల్లీ ఐ.ఐ.టి. తోడ్పాటుతోనూ ఆ పద్ధతిని తెచ్చుకున్నారు. అది మండే వాయువు గదా, ఫ్యాక్టరీలోనే గాక వీధిలోని మెకానిక్కు కూడా జాగ్రత్త తెలియాలి. అందుకని ఆ విదేశీ సహాయంలోనే చిన్నచిన్న మరమ్మత్తు షాపులవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. నాలుగు కథల్లోనూ నాకు మిక్కిలి నచ్చినది ఇదే. కొలత చెప్పారు, కలిపే చేతికి నేర్పారు, ఫీజు అడగలేదు.

ఖరీదుకు బేరమాడిన ఆ 134ఎ సంగతి ఏమైందో తెలుసా? ఓజోనుకు మంచిదే గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లకు పైనే. అంచేత 2016లో రువాండాలో కిగాలి అనే నగరంలో సమావేశమై దాన్ని కూడా తగ్గించుకోవాలని నిర్ణయించారు. మన దేశం 2021లో ఆ నిర్ణయాన్ని ఆమోదించింది. ఊరికే ఇచ్చినది నిలబడింది, రెండున్నర కోట్లు అడిగినది సాగనంపవలసి వస్తోంది.

ఒకసారి మీ ఫ్రిజ్ వెనకో, లోపలి పక్క గోడమీదో అంటించిన కాగితం చూడండి. ఆర్ 600ఎ అని ఉంటే అది ఆ జర్మనీ దారిలో వచ్చినది. ఆర్ 134ఎ అని ఉంటే రెండో దారిది. 600ఎ ఉన్న ఫ్రిజ్‌లో గ్యాసు సాధారణంగా నూరు గ్రాములకు లోపే ఉంటుంది, భయపడనక్కరలేదు. కాని మరమ్మత్తుకు వచ్చిన అబ్బాయికి ఆ సంగతి తెలుసో లేదో అడగండి. తెలియకుండా గొట్టం మీద మంట పెట్టి అతికితే ప్రమాదం. పాతది ఏదైనా సరే, గ్యాసు గాలిలోకి వదిలెయ్యకుండా పట్టి తీసే మెకానిక్కును పిలవండి.

ఇప్పుడు మొదట చెప్పిన పెద్దసభల సంగతికి వద్దాం. 1992లో బ్రెజిల్‌లో రియో నగరంలో వాతావరణ ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడే, ధనిక దేశాలు వర్ధమాన దేశాలకు ఈ విద్యలు అందేలా చూడాలని అందులో రాసుకున్నారు. 2015లో పారిస్‌లోనూ మళ్ళీ రాసుకున్నారు. కాగితం మీద ఉంది. ఓజోను విషయంలో నిధి పెట్టి, గడువు పెట్టి, డబ్బు ఇచ్చి చేశారు గనుక అది చాలావరకు నెరవేరింది. వాతావరణం విషయంలో మాటలున్నంతగా చేతలు లేవు. మన దేశంలో తలకు లెక్కవేస్తే ఒక్కొక్కరు వదిలే బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ. దాని ఫలితం మాత్రం మన వాకిట్లోకే వస్తోంది. కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్ళి చూస్తే తెలుస్తుంది, ఇళ్ళనూ, రోడ్డునూ సముద్రం ఎలా కోసుకుపోతోందో. డెల్టా అంటే సముద్రానికి కొద్దిపాటి ఎత్తున ఉన్న నేల. కాలవ చివరి పొలానికి ఉప్పునీరు తగిలితే అన్నం మెతుకు మీదే దెబ్బ. అంచేత ఈ తగువు ఢిల్లీవాళ్ళదీ, పారిస్‌వాళ్ళదీ మాత్రమే కాదు, రాజమహేంద్రవరంలో బియ్యం డబ్బా నింపుకునే మనది.

మనమేం చెయ్యగలం అంటారా? దేశాల మధ్య బేరం మనం ఆడలేం. మన గుమ్మంలోకి వచ్చే వస్తువుతో మాత్రం ఆడగలం. 2024 నుంచి ఇళ్ళ కప్పు మీద సూర్యరశ్మి పలకలు పెట్టుకోవడానికి కేంద్రప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. కరెంటు పొయ్యిలు వచ్చాయి, బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి. మంచివే, తీసుకోండి. తీసుకునేముందు ధర ఒక్కటే అడక్కండి. ఇది పాడైతే మన ఊళ్ళో బాగుచేసేవారు ఎవరు? ఆ భాగం ఎక్కడ దొరుకుతుంది? దుమ్ము పడితే నేను తుడుచుకోవచ్చునా, ఎలా తుడవాలి? మన గిన్నె దీని మీద కూర్చుంటుందా? ఈ ప్రశ్నలు అడగండి. ఆనాడు పొయ్యిల పథకంలో ఈ ప్రశ్నలు అడిగే అవకాశం ఇల్లాలికి ఇచ్చివుంటే, చాలా పొయ్యిలు మూల పడేవి కావు.

ఇంకొకటి. ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంటే, మెకానిక్కు వచ్చినప్పుడు దూరంగా పొమ్మనకండి. పక్కన నిలబడి చూడనివ్వండి. ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషను కోర్సు, ఎలక్ట్రీషియను కోర్సు ఆడపిల్లలు చెయ్యకూడదన్న రూలేమీ లేదు. బయటినుంచి వచ్చిన విద్య మన ఊళ్ళో నిలవాలంటే, అది ఎవరో ఒకరి చేతిలో ఉండాలి గదా. ఆ చెయ్యి మన అమ్మాయిది ఎందుకు కాకూడదు? ఆలోచించండి.